తాడోబాకు వేసవి పనికి వెళ్లాలనుకునే పిల్లలకు

బల్లార్షా, రాజురా, సిరొంచ వైపు ఉన్న మన పిల్లలందరికీ తాత ఆశీస్సులు.

ఈ వేసవిలో చంద్రపూర్ జిల్లాలోని తాడోబా పులుల అడవిలో ఏదైనా పని దొరుకుతుందా అని మీలో కొందరు అడుగుతున్నారు. దొరుకుతుంది. రిసార్టుల్లో, హోమ్‌స్టేల వంటింట్లో, గేట్ల దగ్గర ఈ నాలుగు నెలలూ మనుషులు చాలరు. నేను అడవి శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి, చాలా వేసవులు చౌకీల్లో, అంటే అడవి కాపలావాళ్లు ఉండే గదుల్లో, గడిపాను. పులిని చూడాలని మీకు ఆశ ఉంటుంది, ఉండాలి కూడా. అయితే అక్కడ వేసవి పనంతా నీళ్ల చుట్టూ, నిప్పు చుట్టూ తిరుగుతుంది. వెళ్లే ముందు అది తెలుసుకుని వెళ్లండి.

తాడోబా 1955లో జాతీయ పార్కు అయింది. పక్కనున్న అంధారి అభయారణ్యం 1986లో వచ్చింది. 1995లో రెండింటినీ కలిపి పులుల రిజర్వు చేశారు. తారు అనే గోండుల పెద్ద ఒకాయన పులితో పోరాడి చనిపోయాడని చెబుతారు. ఆయన పేరు మీదే ఆ అడవికి పేరు వచ్చింది. తాడోబా చెరువు గట్టున ఆయన గుడి ఉంది, పుష్య మాసంలో జాతర జరుగుతుంది. అక్కడికి వెళ్లినప్పుడు చెప్పులు విడిచి దండం పెట్టుకోండి.

ముందు నిప్పు సంగతి. ఫిబ్రవరి 15 నుంచి జూన్ 15 దాకా శాఖ లెక్కలో అగ్గి కాలం. టేకు ఆకు రాలిపోయి, పాదాలు మునిగేంత మందాన పరుచుకుని, ఎండకు అప్పడాల్లా పెళపెళలాడుతుంది. దానికి తోడు ఎండు వెదురు, ఎండు గడ్డి. ఆరని బీడీ ముక్క ఒక్కటి పడితే చాలు. మన అడవుల్లో మంటలు దాదాపు అన్నీ మనుషుల వల్ల వచ్చేవే.

మార్చిలో ఇప్పపూలు రాలడం మొదలవుతుంది. తెల్లవారుజామున రాలిన పువ్వు ఎండుటాకుల్లో కనబడదు కాబట్టి చెట్టు కింద ఆకుకు నిప్పు పెడతారు. ఆరిపోయిందనుకుని బుట్ట ఎత్తుకుని వెళ్లిపోతారు. మధ్యాహ్నం వడగాలి లేవగానే అది మళ్లీ రాజుకుంటుంది. తునికి చెట్టు కొత్త చిగురు వేయాలని కాల్చేవాళ్లూ ఉన్నారు. పార్కు లోపల ఏరడానికి అనుమతి లేదు, కానీ బయటి బఫర్ అడవిలో పుట్టిన మంట హద్దు రాయి దగ్గర ఆగదు. అలాగని ఆ మనుషులను దొంగల్లా చూడకండి. ఇప్పపువ్వు, తునికాకు మీద వచ్చే డబ్బే చాలా ఇళ్లకు ఏడాది ఆధారం. చెట్టు కింద పాత చీరో, వలో పరిస్తే పువ్వు దాని మీదే పడుతుంది, నిప్పు అక్కర్లేదు. ఆ మాట మన భాషలోనో, మరాఠీలోనో, గోండిలోనో ఓపిగ్గా చెప్పగలిగినవాడు పది మంది కాపలావాళ్లతో సమానమని నా నమ్మకం.

వేసవి ముదరకముందే ఫైర్ లైన్లు వేస్తారు. దారి పొడవునా గడ్డి కోసి, దగ్గరుండి కాల్చి, నేలను ఖాళీగా ఉంచుతారు. మంట అక్కడిదాకా వచ్చినా కాలడానికి ఏమీ దొరకక ఆగిపోతుంది. తర్వాత ఆ లైను మీద రాలే ఆకును వేసవంతా తీస్తూనే ఉండాలి. ఇప్పుడు గాలి ఊదే బ్లోయర్లు వచ్చాయి. ఉపగ్రహం మంటను పసిగడితే ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి ఫోనుకు మెసేజ్ వస్తుంది. అయినా దాన్ని ఆర్పడానికి నడిచి వెళ్లాల్సింది మనుషులే. ఏటవాలు నేల మీద మంటకు పైవైపు ఎప్పుడూ నిలబడకండి, పైకి చాలా వేగంగా ఎక్కుతుంది.

ఇక నీళ్లు. చంద్రపూర్ ఎండ 45 డిగ్రీలు దాటడం మీకు తెలిసిందే. వాగులు ఎండాక జంతువులకు తాడోబా చెరువు లాంటి కొన్నే మిగులుతాయి. మిగతా చోట్ల సిమెంటు గుంటలు కట్టి నింపుతారు. ఒకప్పుడు చేతిపంపులు, ట్యాంకర్లు. ఇప్పుడు చాలాచోట్ల సోలార్ పంపులు. నింపితే పని అయిపోదు. అన్ని జంతువులూ అక్కడికే వస్తాయని వేటగాళ్లకూ తెలుసు. నీళ్లలో విషం కలపవచ్చు, గట్టు దగ్గర ఇనుప ఉచ్చు పాతిపెట్టవచ్చు. అందుకే గార్డు పొద్దున్నే వెళ్లి కప్పలు బతికున్నాయా, చుట్టుపక్కల పక్షి ఏదైనా చచ్చిపడిందా, మట్టి కొత్తగా తవ్వినట్టుందా అని చూస్తాడు. నాకు అడవిలో అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే. రాత్రి ఎవరెవరు వచ్చారో బురదలో అంతా కనబడుతుంది: దుప్పి, కణితి, అడవిదున్న, ఎలుగు.

టూరిస్టులు ఎక్కువగా వచ్చేదీ ఈ నెలల్లోనే. ఆకు రాలి చూపు దూరం ఆనుతుంది, జంతువులు నీళ్ల దగ్గర దొరుకుతాయి. గుంట దగ్గర టూరిస్టుల జిప్సీ బండ్లు గుమికూడితే దప్పికతో వచ్చిన జంతువు వెనక్కి తిరిగిపోతుంది. మీరు గైడుగానో డ్రైవరుగానో ఉంటే, టిప్పు పోయినా సరే, బండి దూరంగా ఆపించండి.

భయం గురించి కూడా చెప్పాలి. 2021 నవంబరులో పులుల లెక్క కోసం జాడలు వెతుకుతూ కాలినడకన వెళ్లిన ఒక మహిళా గార్డును తాడోబాలోనే పులి చంపేసింది. ఆమెకు అడవి కొత్త కాదు, వెంట సహాయకులు కూడా ఉన్నారు. కాబట్టి చౌకీ నుంచి ఒంటరిగా కదలకండి. వంగి, చతికిలబడి చేసే పని చేస్తుంటే ఒకరు నిలబడి చుట్టూ చూస్తుండాలి. తునికాకు కోసేటప్పుడు, ఇప్పపూలు ఏరేటప్పుడు మన జిల్లాల్లో ప్రాణాలు పోయింది ఎక్కువగా అలా వంగి ఉన్నప్పుడే.

18 నిండనివాళ్లు ఇంకా ఆగండి. అగ్గి కాపలా పనులు ముందు పక్క ఊళ్ల వాళ్లకే ఇస్తారు, అదే న్యాయం. మిగతా పనులకు ఒప్పుకునే ముందు పడుకునే చోటు, కూలీ, ఇంటికి పంపే రోజు ముగ్గురి ముందు మాట్లాడుకోండి. మంగళవారం పార్కు మూసి ఉంటుంది, బట్టలు ఉతుక్కోవడానికి, ఇంటికి ఫోను చేయడానికి ఆ రోజు పెట్టుకోండి. తలకు తువ్వాలు, నూలు చొక్కాలు, మంచి బూట్లు, టార్చిలైటు తీసుకెళ్లండి. జూలై 1న కోర్ గేట్లు, అంటే పార్కు లోపలి అడవి గేట్లు, మూస్తారు, ఆ లోపు మీ కూలీ లెక్క తేల్చుకుని రండి.

మీ తాత