ట్రాక్ టైరు మాట వినండి

ప్రియమైన పిల్లలకు,

మీ ఉత్తరం చదివాను. స్పోర్ట్స్ కారుని మొదటిసారి రేస్ ట్రాక్ మీదికి తీసుకెళ్తున్నామని, ఏ టైర్లు వేయించాలో పేరు చెబితే చాలని రాశారు. పేరు చెప్పడం నిమిషం పని. కానీ అంతటితో ఊరుకుంటే, అందులో గాలి ఎంత పెట్టాలో తెలియక, అది ఎందుకు జారుతోందో అర్థంకాక, మంచి టైరునే చెడ్డదనుకుని తీసేస్తారు. అలా తీసేసినవాళ్లని చాలామందిని చూశాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, తీరిగ్గా చదవండి.

ముందు కారు పక్కన కూర్చుని, టైరు నేలకి ఆనే చోటు చూడండి. అక్కడ తాకుతున్న రబ్బరు ఇంచుమించు మీ అరచేయంత ఉంటుంది. కారు బరువంతా మోసేది అలాంటి నాలుగు అరచేతులే. ఇంజన్ ఎంత బలమైనదైనా, బ్రేకులు ఎంత పెద్దవైనా, అవి చేయగలిగింది అక్కడి రబ్బరు ఒప్పుకున్నంతే.

ఆ రబ్బరు రోడ్డుని రెండు రకాలుగా పట్టుకుంటుంది. ఒకటి, నేరుగా అంటుకుంటుంది. రెండోది, రోడ్డులోని సన్నటి రాళ్ల మీద నొక్కుకుని వాటి చుట్టూ ఒంగుతుంది, రాయి దాటాక వెంటనే పాత ఆకారానికి రాకుండా కాస్త ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యం వల్ల కూడా పట్టు పుడుతుంది. ఈ రెండూ వేడి మీద ఆధారపడ్డవే. చల్లగా ఉంటే రబ్బరు గట్టిగా ఉండి జారుతుంది, మరీ వేడెక్కితే పైపొర జిడ్డులా మారి మళ్లీ జారుతుంది. మధ్యలో ఎక్కడో దానికి నచ్చిన వేడి ఉంటుంది. గాలి ప్రెషర్, అలైన్‌మెంట్ (చక్రాలు ఏ కోణంలో నిలబడ్డాయన్నది), మీరు స్టీరింగ్ తిప్పే తీరు, అన్నీ చివరికి ఆ నాలుగు అరచేతుల్నీ సమంగా వేడెక్కించడం కోసమే.

ఇక ఎంపిక సంగతి. టైరు పక్కగోడ మీద ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది. ఇది అమెరికా నిబంధన ప్రకారం వేసే అంకె. ఒక ప్రామాణిక టైరుని 100 అనుకుంటే, 200 ఉన్నది ఆ పరీక్షలో దానికి రెట్టింపు కాలం మన్నుతుందని అర్థం. అంకె తగ్గేకొద్దీ సాధారణంగా రబ్బరు మెత్తన, పట్టు ఎక్కువ, ఆయుష్షు తక్కువ. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ మీద 300 అని ఉంటుంది. బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా ఆర్ఈ-71ఆర్ఎస్, యోకోహామా అడ్వాన్ ఎ052 రెండూ 200. టోయో ఆర్888ఆర్ 100. హూజియర్ ఆర్7 అయితే 40. ఆ తర్వాత రబ్బరు మీద గాళ్లు (నీళ్లు పోయే గాడులు) అసలే లేని స్లిక్‌లు, అవి రోడ్డు మీద నడిపేవి కావు.

అయితే ఈ అంకెని మరీ నమ్మకండి. దాన్ని వేసేది తయారీదారే. కాబట్టి 200 అని ఉన్న రెండు టైర్లు ఒకేలా ఉంటాయనుకోవద్దు. కొన్ని మొదటి ల్యాప్‌లోనే వేడెక్కి అద్భుతంగా పట్టుకుంటాయి, పది నిమిషాలు దాటితే అలసిపోతాయి. కొన్ని నెమ్మదిగా వేడెక్కినా ఇరవై నిమిషాలూ ఒకేలా నిలబడతాయి. హూజియర్‌లోనే చూడండి: ఎ7 రకం నిమిషం పాటు సాగే ఆటోక్రాస్ (కోన్ల మధ్య ఒక్కో కారూ విడిగా పరుగెత్తే పోటీ) కోసం, ఆర్7 రకం ఎక్కువసేపు సాగే ట్రాక్ పరుగు కోసం. అందుకని టైరు అడిగేముందు, ఒకసారి లోపలికి వెళ్తే ఎన్ని నిమిషాలు నడుపుతారో చూసుకోండి.

మీకు నా సలహా: మొదటి ఏడాది 300 దగ్గరి మంచి రోడ్డు టైరు, లేదంటే ఓర్పున్న 200 టైరు. 100 జోలికి, అంతకంటే మెత్తటివాటి జోలికి వెళ్లొద్దు. మీకు చేతకాదని కాదు. మలుపులో టైరు తాను తిరిగిన వైపుకీ, నిజంగా కారు వెళ్తున్న వైపుకీ మధ్య కొన్ని డిగ్రీల తేడా ఎప్పుడూ ఉంటుంది. ఆ తేడా పెరుగుతూ ఒక హద్దు దాకా వెళ్తే పట్టు పెరుగుతుంది, హద్దు దాటితే జారుతుంది. రోడ్డు టైరు ఆ హద్దుకి చేరకముందే సన్నగా కీచుమంటుంది, హద్దు దాటాక కూడా నెమ్మదిగా జారుతూ సర్దుకోవడానికి మీకు సమయం ఇస్తుంది. మెత్తటి ట్రాక్ టైరు చాలా ఎత్తు దాకా మౌనంగా పట్టుకుని, ఉన్నట్టుండి వదిలేస్తుంది. పైగా అప్పటికి మీ వేగం కూడా ఎక్కువ ఉంటుంది. మాట్లాడే టైరు మీద నేర్చుకున్న చెవి, తర్వాత మౌనంగా ఉండే టైరు మీద పనికొస్తుంది. తిరగేసి మొదలుపెట్టినవాళ్లు ఎన్నేళ్లయినా తమ తప్పేమిటో తెలుసుకోలేకపోవడం నేను దగ్గర్నుంచి చూశాను.

ఇంకో కారణం కూడా ఉంది. పట్టు పెరిగితే ఆ భారం మిగతా కారు మీద పడుతుంది. బ్రేకులు ఇంకా గట్టిగా పని చేయాలి, బ్రేక్ ఆయిల్ మరుగుతుంది. చక్రాల బేరింగులు అరుగుతాయి. పొడవాటి మలుపులో ఇంజన్ ఆయిల్ ఒక పక్కకి చేరిపోయి పంపుకి అందకుండా పోవచ్చు. టైరు మార్చే ముందు బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్ చూసుకోండి.

సైజు విషయంలో ఎక్కువ చెప్పను. 245/40 ఆర్ 18 అంటే వెడల్పు 245 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 40 శాతం, అంటే 98 మిల్లీమీటర్లు, రిమ్ 18 అంగుళాలు. వెడల్పాటి టైరు కావాలని ఆశపడి ఇరుకైన రిమ్ మీద ఎక్కిస్తే పక్కగోడలు ఉబ్బి, మలుపులో టైరు అటూ ఇటూ ఊగుతుంది. పూర్తిగా స్టీరింగ్ తిప్పినప్పుడు ఫెండర్‌కి (చక్రం పైనుండే రేకుకి) రాసుకోకూడదు. ఇంజన్ నాలుగు చక్రాలనీ తిప్పే కారైతే నాలుగింటి చుట్టుకొలతా ఒకటే ఉండాలి. పక్కగోడ మీది బరువు, వేగం గుర్తులు కారు కంపెనీ చెప్పినదానికి తగ్గకూడదు. 93 అంటే ఒక్కో టైరు 650 కిలోలు మోస్తుంది, వై అంటే గంటకు 300 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుంది.

తయారైన తేదీ మాత్రం తప్పకుండా చూడండి. డాట్ అనే గుర్తు చివర నాలుగు అంకెలుంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం. ఒకప్పుడు గాళ్లు లోతుగా ఉన్నాయని మురిసిపోయి, వాడేసిన ట్రాక్ టైర్లు నాలుగు తీసుకున్నాను. తేదీ చూడలేదు. మూడో ల్యాప్‌లో, ఎప్పుడూ తేలిగ్గా దాటే మలుపులోనే వెనక భాగం అమాంతం పక్కకి వెళ్లిపోయింది. కారు గడ్డిలో ఆగింది, ఎవరికీ ఏమీ కాలేదు. కిందికి దిగి రబ్బరు మీద గోరు గుచ్చితే దిగలేదు. గాళ్ల లోతు ఎంత మిగిలిందో చెబుతుంది గానీ, రబ్బరులో ప్రాణం ఉందో లేదో చెప్పదు. వేడెక్కి చల్లారిన ప్రతిసారీ అది కొంచెం గట్టిపడుతుంది.

ఇప్పుడు గాలి గురించి. నేను ఎక్కువగా రాయాలనుకున్నది ఇదే. డోరు దగ్గర స్టిక్కర్ మీద రాసిన ప్రెషర్ రోడ్డు కోసం రాసింది. ట్రాక్ మీద టైరు లోపలి గాలి బాగా వేడెక్కి ప్రెషర్ పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర 27 పీఎస్ఐ (గాలి ప్రెషర్ కొలత) పెట్టి బయల్దేరితే, లోపలి గాలి 80 డిగ్రీలకి చేరేసరికి అదే 34, 35 అవుతుంది. స్టిక్కర్ చూసి 35 పెట్టి వెళ్లారనుకోండి, వేడి మీద 44 దాకా పోతుంది. అప్పుడు టైరు బుడగలా ఉబ్బి మధ్యభాగం మీదే నడుస్తుంది, అరచేయంత చోటు కాస్తా రెండు వేళ్లంత అవుతుంది.

కాబట్టి లెక్క వేడి ప్రెషర్‌తో వేసుకోవాలి. చాలా 200 రకం టైర్లకి వేడి మీద 32 నుంచి 36 మధ్య ఎక్కడో మంచి చోటు దొరుకుతుంది. మీ టైరు కంపెనీ వేరే అంకె చెబితే అదే పాటించండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు 27 పెట్టండి. మూడు నాలుగు ల్యాప్‌లు నిదానంగా వేగం పెంచుతూ నడిపి, పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటికి) వచ్చి, ఆగిన వెంటనే కొలవండి. టీ తాగొచ్చి కొలిస్తే అంకె మారిపోతుంది. ఎక్కువ ఉన్నదాంట్లోంచి కొంచెం గాలి తీయండి. నాలుగూ ఒకేలా పెరగవు. గడియారం ముల్లు తిరిగే దిశలో సాగే ట్రాక్‌లో కుడి మలుపులు ఎక్కువ కాబట్టి భారమంతా ఎడమ టైర్ల మీద పడుతుంది, అవే ఎక్కువ వేడెక్కుతాయి. మరుసటిసారి ఆ పక్క ఒకటి రెండు పీఎస్ఐ తక్కువతో మొదలుపెట్టాలి. గేజ్ ఎప్పుడూ ఒకటే వాడండి. అది ఒక పీఎస్ఐ తప్పు చూపించినా రోజూ అదే తప్పు చూపిస్తుంది, పోల్చుకోవడానికి పనికొస్తుంది.

ఒక్క మాట మరిచిపోవద్దు. సాయంత్రం టైర్లు చల్లారాక ప్రెషర్ బాగా తక్కువకి పడిపోతుంది. ఇంటికి బయల్దేరే ముందు స్టిక్కర్ మీద ఉన్నంత గాలి నింపాలి. అలసిపోయి ఉంటారు, ఇంటికెళ్లి చూసుకుందాంలే అనిపిస్తుంది. అప్పుడే నింపండి.

వేడి కొలవడానికి సూది ఉన్న థర్మామీటర్ ఒకటి తీసుకోండి. దూరం నుంచి చూపించేది పైపొర వేడి మాత్రమే చెబుతుంది, అది క్షణాల్లో చల్లారిపోతుంది. సూదిని రబ్బరులోకి కొంచెం గుచ్చి లోపలి అంచు, మధ్య, బయటి అంచు మూడుచోట్లా చూడండి. మధ్యలో ఎక్కువ వేడి ఉంటే గాలి ఎక్కువైందని. రెండంచులూ వేడిగా ఉండి మధ్య చల్లగా ఉంటే గాలి చాలలేదని. బయటి అంచు మాత్రమే కాలిపోతుంటే కాంబర్ (చక్రం లోపలికి ఒరిగి ఉండటం, కింద చెబుతాను) చాలడం లేదు. లోపలి అంచు కొన్ని డిగ్రీలు ఎక్కువ ఉండటం మామూలే, మరీ ఎక్కువుంటే కాంబర్ అతి అయిందని. థర్మామీటర్ లేకపోతే చాక్‌పీసుతో టైరు భుజం మీద, అంటే నేలకి ఆనే భాగం పక్కగోడలోకి మలిగే అంచు మీద, అడ్డంగా గీతలు గీసి వెళ్లండి. తిరిగొచ్చాక గీత ఎంతవరకు చెరిగిందో, టైరు అంతవరకు ఒరిగిందన్నమాట.

కాంబర్ అంటే ముందు నుంచి చూస్తే చక్రం నిలువుగా ఉండకుండా ఒరిగి ఉండటం. పైభాగం లోపలికి ఒరిగితే నెగటివ్. మలుపులో కారు బయటికి వాలినప్పుడు బయటి చక్రం కూడా దానితో పాటు వాలి, భుజం మీద నడుస్తుంది. ముందే లోపలికి ఒరిగి ఉంటే మలుపులో సరిగ్గా నేలకి అదుముకుంటుంది. మామూలు రోడ్డు కారులో ఇది సాధారణంగా ఒక డిగ్రీకి అటూ ఇటూ ఉంటుంది. ట్రాక్ కోసం ముందు చక్రాలకి రెండు నుంచి మూడున్నర డిగ్రీల దాకా పెట్టుకుంటారు, మాక్‌ఫర్సన్ స్ట్రట్ (చాలా కార్లలో ముందు చక్రాలకి ఉండే ఒక రకం సస్పెన్షన్) ఉన్న కార్లకి ఎక్కువవైపే అవసరమవుతుంది. అదే కారుని రోజూ రోడ్డు మీద కూడా నడుపుతారు కాబట్టి మీరు రెండు దగ్గర ఆగండి. టో, అంటే పైనుంచి చూస్తే చక్రాలు కాస్త లోపలికో బయటికో తిరిగి ఉండటం, మాత్రం సున్నాకి దగ్గరగా ఉంచండి. రోడ్డు మీద లోపలి అంచుని తినేసేది ఎక్కువగా టో, జనం మాత్రం కాంబర్‌ని తిడతారు.

కొత్త టైర్లని మొదటి రోజే బాదకండి. మొదట పది పదిహేను నిమిషాలు జారకుండా, నెమ్మదిగా వేడి పెంచుతూ నడిపి, వీలైతే మర్నాటి దాకా వదిలేయండి. మెత్తటి రబ్బరుకి ఇది మరీ అవసరం. చక్రం నట్లు టార్క్ రెంచితోనే బిగించండి, ఎంతో కారు పుస్తకంలో ఉంటుంది. ప్రతిసారీ లోపలికి వెళ్లేముందు మళ్లీ చూడండి. చివరి ల్యాప్ నెమ్మదిగా నడిపి చల్లార్చండి, ఆగాక హ్యాండ్‌బ్రేక్ వేయకుండా గేర్‌లో ఉంచి చక్రానికి అడ్డం పెట్టండి. వాన పడితే, గాళ్లు తక్కువున్న టైరు నీళ్లని తోయలేక వాటిమీద తేలుతుంది. ఆ రోజు టెన్షన్ పడుతూ నడిపేకన్నా, గోడ దగ్గర నిలబడి మిగతావాళ్లు ఎక్కడ బ్రేక్ వేస్తున్నారో చూడండి.

ఒక చిన్న నోటుపుస్తకం కొనుక్కోండి. తేదీ, ఎండ ఎంత ఉంది, బయల్దేరినప్పటి ప్రెషర్, తిరిగొచ్చినప్పటి ప్రెషర్, మూడుచోట్ల వేడి, కారు ఎలా అనిపించింది. ఒకసారికి ఒకటే మార్చండి. గాలీ కాంబరూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు. మొదటి రోజు పేజీని ఫొటో తీసి నాకు పంపండి. అంకెలు ఎలా ఉన్నా సరే, దిద్దకుండా పంపండి. ఎడమ ముందు టైరు బయటి అంచు ఎంత చూపించిందో అన్నిటికంటే ముందు అదే చూస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న