పప్పుబెల్లాలా, సంక్షేమమా?

ఎన్నికలొస్తే టీవీ చర్చల్లో ఒక తంతు తప్పదు. అవతలివాళ్ళ పథకమైతే ‘ఉచితం’, ‘తాయిలం’, ‘పప్పుబెల్లాల పంపకం’. తమదైతే ‘సంక్షేమం’. ఖర్చెంత, అందేదెవరికి అన్న లెక్కలదాకా మాట పోదు. పేరు దగ్గరే సగం వాదన తేలిపోతుంది.

తెలుగునాట ఈ పేర్ల పోటీకి కిలో 2 రూపాయల బియ్యం మంచి ఉదాహరణ. 1982లో పార్టీ పెట్టిన ఎన్టీఆర్ ఆ హామీ ఇస్తే, అధికారంలో ఉన్న కాంగ్రెస్ ఎన్నికల ముంగిట కిలో రూ.1.90కే ఇస్తానంది. పది పైసలు తక్కువ! అయినా 1983 జనవరిలో జనం తెలుగుదేశానికే ఓటేశారు. ధర ఒక్కటే చూస్తే ఇది అర్థం కాదు. ఎన్టీఆర్ ప్రచారంలో బియ్యం పక్కనే ‘ఆత్మగౌరవం’ ఉంది. కాంగ్రెస్ దగ్గర తగ్గింపు ధర తప్ప అలాంటి మాట లేదు.

2004లో వైఎస్ ముఖ్యమంత్రిగా తొలి సంతకం రైతుల ఉచిత విద్యుత్తు మీద పెట్టారు. అలాగని తాయిలం ప్రతిసారీ ఓట్లు రాల్చదు. 2009లో నగదు బదిలీ, కలర్ టీవీలు ఇస్తామన్న తెలుగుదేశం ఓడిపోయింది.

తమిళనాడు టీవీల పంపిణీ కేసులో సుప్రీంకోర్టు 2013లో తీర్పిస్తూ, మేనిఫెస్టో హామీ చట్టప్రకారం అవినీతి చర్య కాదంది. 2022 జులైలో ప్రధాని మోదీ ‘రేవడీ’ సంస్కృతి అనడంతో గొడవ మళ్ళీ రాజుకుంది. రేవడీ అంటే నువ్వుల మిఠాయి. పంచేవాడు, చేయి చాచేవాడు ఇద్దరూ ఆ ఒక్క మాటలో కనిపిస్తారు, దెబ్బంతా అక్కడే ఉంది. 2019లో కంపెనీల పన్ను 30 నుంచి 22 శాతానికి తగ్గించినప్పుడు మాత్రం దాని పేరు ‘ప్రోత్సాహం’. రెండూ ఒకటే అనను గానీ, ఖజానాకు రెండూ భారమే.

అదే 2022లో ఉచిత హామీల మీద సుప్రీంకోర్టులో నడిచిన కేసులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి.రమణ కూడా అసలు ఉచితమంటే ఏది, తాగునీరు అందించడమూ ఉచితమేనా అని అడిగారు. జవాబు తేలలేదు. 2022 ఆగస్టు 26న, తన పదవీకాలం చివరిరోజున, ఆ కేసును ముగ్గురు జడ్జీల బెంచికి పంపేశారు.

ఈలోగా పార్టీలు కొత్త మాట వెతుక్కున్నాయి. 2023లో కాంగ్రెస్ కర్ణాటకలో ఐదు, తెలంగాణలో ఆరు ‘గ్యారంటీలు’ ప్రకటించి రెండుచోట్లా గెలిచింది. రేవడీ అని వెక్కిరించిన బీజేపీ 2024 మేనిఫెస్టోకు పెట్టుకున్న పేరు ‘మోదీ గ్యారంటీ’.