నరం వైరు కాదు

మెదడు నుంచి నరాల్లో కరెంటు పారుతుంది, అందుకే చెయ్యి కదులుతుంది అని చాలామంది అంటుంటారు. పూర్తిగా తప్పనలేం గానీ ఆ మాట వినగానే బుర్రలో రాగి తీగ మెదులుతుంది, చిక్కంతా అక్కడే. తీగలో సంకేతం దాదాపు కాంతితో పోటీపడుతూ వెళ్తుంది. మరి నరంలో? 1850లో హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త కప్ప నరం మీద కొలిస్తే సెకనుకు సుమారు 30 మీటర్లు వచ్చింది, అంటే గంటకు నూరు కిలోమీటర్ల చిల్లర. ఆయన గురువు యోహానెస్ ముల్లరేమో ఆ వేగం కొలవడం మనిషివల్ల అయ్యే పని కాదనుకున్నాడు!

అంత నెమ్మది ఎందుకో తెలియాలంటే ముందు నాడీకణాన్ని చూడాలి. కేంద్రకం ఉండే కణదేహం, దాని చుట్టూ కొమ్మల్లా డెండ్రైట్లు, ఒక పక్క నుంచి పొడుగ్గా సాగే ఆక్సాన్. డెండ్రైట్లు సంకేతాలు అందుకుంటాయి, ఆక్సాన్ పంపుతుంది. ఈ బొమ్మ స్కూల్లో అందరం గీసిందే, కాకపోతే అందులో కొలతలు పచ్చి అబద్ధం. వెన్నుపాము కింది భాగం నుంచి పాదం దాకా వెళ్లే ఆక్సాన్ ఒక మీటరు పొడవుంటుంది, మందం మాత్రం మిల్లీమీటరులో యాభయ్యో వంతు కూడా మించదు. అదంతా ఒక్క కణమే. ఇక మెదడులో ఇలాంటి నాడీకణాలు దాదాపు 8,600 కోట్లు.

ఈ కణం పొరకు లోపల పొటాషియం ఎక్కువ, బయట సోడియం ఎక్కువ. ఆ తేడా చెరిగిపోకుండా పొరలోని పంపులు రాత్రీపగలూ పనిచేస్తుంటాయి, మూడు సోడియం అయాన్లను (అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువులను) బయటికి తోసి రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంటాయి. పైగా పొటాషియం కొద్దికొద్దిగా బయటికి కారిపోతూ ఉంటుంది, దాంతో బయటితో పోలిస్తే లోపలి వైపు సుమారు −70 మిల్లీవోల్టుల దగ్గర నిలుస్తుంది. ఇంతేనా అనిపిస్తుంది. కానీ పొర మందం కొన్ని నానోమీటర్లే కాబట్టి, మీటరుకు లెక్కేస్తే అది కోటి వోల్టుల దరిదాపుల్లోకి వస్తుంది. శరీర బరువులో 2 శాతం ఉండే మెదడు 20 శాతం శక్తిని తినేస్తుందంటే అందులో పెద్ద వాటా ఈ పంపులదే.

ఇప్పుడు అసలు కథ. ఆక్సాన్ మొదట్లో వోల్టేజి −55 మిల్లీవోల్టుల దాకా లేచిందనుకోండి, అక్కడి సోడియం గేట్లు, అంటే పొరలో సోడియం దాటే దారులు, ఒక్కసారిగా తెరుచుకుంటాయి, సోడియం లోపలికి దూసుకొస్తుంది, వోల్టేజి సున్నా దాటి ప్లస్‌లోకి పోతుంది. వెంటనే ఆ గేట్లు మూతపడి పొటాషియం గేట్లు తెరుచుకుంటాయి, మళ్లీ యథాస్థితి. మొత్తం ఒకటి రెండు మిల్లీసెకన్ల వ్యవహారం. ఈలోపు ఆ కుదుపు పక్క భాగాన్ని తట్టి లేపుతుంది, అక్కడా ఇదే తంతు. స్టేడియంలో జనం వరుసగా లేచి కూర్చుంటే అల చుట్టూ తిరిగినట్టు కనిపిస్తుంది కదా, సీట్లోంచి ఎవరూ ఎక్కడికీ పోకపోయినా. ఇదీ అంతే, అయాన్లు పొరకు అడ్డంగా లోపలికీ బయటికీ దాటుతాయి తప్ప మెదడు నుంచి వేలి దాకా ప్రయాణం చేయవు. ఇప్పుడే పనిచేసిన గేట్లు కాసేపు మొరాయిస్తాయి కాబట్టి అల వెనక్కి తిరగదు.

ఇదంతా తేలింది స్క్విడ్ అనే సముద్రజీవి పుణ్యాన. దానిలో ఒక ఆక్సాన్ అర మిల్లీమీటరు దాకా లావుంటుంది. 1939లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో అలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు అందులోకి ఎలక్ట్రోడ్ దూర్చి వోల్టేజి కొలిచారు, ఇంతలో యుద్ధం వచ్చిపడింది, చివరికి 1952లో సమీకరణాలతో సహా తేల్చారు. పంటి డాక్టరు ఇచ్చే మత్తు ఇంజెక్షన్ లిడోకైన్ కూడా ఆ సోడియం గేట్లనే మూసేస్తుంది. నొప్పి అక్కడే ఉంటుంది, కబురే రాదు.

అడుగడుగునా గేట్లు తెరిచి మూసే పద్ధతి నెమ్మదే. అందుకే చాలా ఆక్సాన్ల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర చుట్టుకుని ఉంటుంది, మధ్యమధ్యలో చిన్న ఖాళీలు వదులుతూ. గేట్ల పని ఆ ఖాళీల దగ్గరే జరుగుతుంది, దాంతో వేగం సెకనుకు 100 మీటర్లు కూడా దాటగలదు. మైలిన్ లేని సన్నని నరాల్లోనైతే సుమారు ఒక మీటరే. కాలి బొటనవేలు మంచం కోడుకు కొట్టుకున్నప్పుడు ముందు చురుక్కుమని, ఓ క్షణం తర్వాత అసలైన సలుపు మొదలవడానికి కారణం ఇదే, రెండు రకాల నరాల్లో రెండు కబుర్లు వేర్వేరుగా వస్తాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బులో మన రోగనిరోధక వ్యవస్థే ఈ మైలిన్‌ను పాడుచేస్తుంది.

ఆక్సాన్ చివర ఇంకో చిక్కు. తర్వాతి కణానికీ దానికీ మధ్య సుమారు 20 నానోమీటర్ల సందు, దాన్నే సినాప్స్ అంటారు. చాలాచోట్ల అక్కడ విద్యుత్తు ఆగి రసాయనం అందుకుంటుంది. 1921లో ఓటో లోవీ అనే శాస్త్రవేత్త ఒక కప్ప గుండెకు వెళ్లే నరాన్ని ప్రేరేపించి దాన్ని నెమ్మదింపజేశాడు, ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి ఇంకో గుండె మీద పోస్తే అదీ నెమ్మదించింది! ఆ పదార్థం అసిటైల్‌కోలిన్. ఇలాంటి రసాయనాలు చిన్న సంచుల్లో సిద్ధంగా ఉంటాయి, కాల్షియం లోపలికి రాగానే ఆ సంచులు కణం పొరతో కలిసిపోయి రసాయనాన్ని సందులోకి ఒలకబోస్తాయి. కొన్ని అవతలి కణాన్ని రెచ్చగొడతాయి, కొన్ని ఆపుతాయి. ఒక్కో కణానికి ఇలాంటి సినాప్స్‌లు వేలల్లో ఉండొచ్చు, వాటన్నిటి కూడికలూ తీసివేతలూ పోగా −55 చేరితేనే కొత్త అల పుడుతుంది.

ఒలికినదాన్ని వెంటనే తుడిచెయ్యడం కూడా అంతే ముఖ్యం. అసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి సినాప్స్‌లోనే ఉంటుంది. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు దాన్నే దెబ్బకొడతాయి, సంకేతం ఆగకుండా మోగుతూనే ఉంటుంది, కండరాలు అదురుతాయి, నోట్లో నురగ, ఊపిరి అందదు. ఆసుపత్రిలో అట్రోపిన్ ఎక్కించేది అందుకే, పేరుకుపోయిన అసిటైల్‌కోలిన్ అవతలి కణం మీద దాన్ని అందుకునే కొన్ని గ్రాహకాలకు అతుక్కోకుండా అది అడ్డుపడుతుంది.