సెట్టింగ్స్ అన్నీ తగ్గించినా ఫ్లైట్ సిమ్యులేటర్ ఎందుకు స్టక్ అవుతుంది?

గ్రాఫిక్స్ అన్నీ ‘లో’కి దించినా ఫ్రేములు (సెకనుకి తెర మీద పడే బొమ్మలు) పెరగలేదంటే, కొత్త గ్రాఫిక్స్ కార్డుకి డబ్బు పోసేముందు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఈ చిక్కు ఇప్పటిది కాదు, 2006 నాటిది.

ఆ ఏడాది అక్టోబరులో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్ వచ్చింది. 1982లో ఐబీఎం పీసీ మీద మొదలైన వరసలో పదోది. అంతకుముందు చాలా ఏళ్లుగా ప్రాసెసర్ల గిగాహెర్ట్జ్ పెరుగుతూ వచ్చింది. ఇకముందూ అలాగే పెరుగుతుందన్న లెక్కతో, పని దాదాపు అంతా ఒక్క కోర్ (ప్రాసెసర్‌లో విడిగా లెక్కలు చేసే భాగం) మీదే నడిచేలా గేమ్‌ని కట్టారు. సరిగ్గా అప్పుడే ప్రాసెసర్ కంపెనీలు దారి మార్చి, వేగానికి బదులు కోర్లు పెంచడం మొదలుపెట్టాయి. 2007లో వచ్చిన మొదటి సర్వీస్ ప్యాక్ నేల బొమ్మల లోడింగ్‌ని మిగతా కోర్లకి పంచింది. కానీ ప్రతి ఫ్రేములో ఏమేం గీయాలో తేల్చి కార్డుకి అందించే పని మాత్రం ఒక్క దారం (ఒకదాని తర్వాత ఒకటిగా నడిచే పనుల వరస) మీదే ఉండిపోయింది. దాన్నే మెయిన్ థ్రెడ్ అంటారు. అది ఆలస్యం చేస్తే ఎంత ఖరీదైన కార్డైనా ఖాళీగా కూర్చోవాల్సిందే.

రెండో చిక్కు మెమరీ. అది 32 బిట్ ప్రోగ్రామ్. మెషీన్‌లో 16 జీబీ ర్యామ్ ఉన్నా 4 జీబీ దాటి వాడుకోలేదు. గంటల తరబడి ఎగిరి, దిగబోయే ముందు మెమరీ చాల్లేదంటూ గేమ్ మూసుకుపోయేది అందుకే: దిగే ఊరి బొమ్మలు లోడయ్యేసరికి ఆ జాగా నిండిపోయేది. ఇప్పటికీ ఆ పాత గేమ్ ఆడేవాళ్లు ఆటోజెన్‌ని (గేమ్ తనంతట తనే నింపే చెట్లు, ఇళ్లు) ‘నార్మల్’లో ఉంచి, నీటిని 2.ఎక్స్ నుంచి 1.ఎక్స్‌కి దించాలి. నదీపాయలూ సముద్రమూ ఉన్న మన గోదావరి ప్రాంతంలో ఈ రెండోదానికే ఎక్కువ ఫలితం. (అందులో శంషాబాద్ కోసం వెతక్కండి. ఆ విమానాశ్రయం తెరిచింది 2008 మార్చిలో.)

మెమరీ గోడ తర్వాత కూలింది. ప్రిపేర్డ్ (Prepar3D) అనే మరో సిమ్యులేటర్ నాలుగో వెర్షన్‌తో 2017లో 64 బిట్‌కి మారింది. ఎక్స్‌ప్లేన్ అనే ఇంకో సిమ్యులేటర్ అంతకుముందే మారింది, 2020లో 11.50 వెర్షన్‌తో వల్కన్ (గేమ్ కార్డుతో మాట్లాడే కొత్త పద్ధతి) కూడా తెచ్చుకుని కార్డుకి పని అందించే భారాన్ని బాగా తగ్గించుకుంది. అదే ఏడాది ఆగస్టు 18న వచ్చిన మైక్రోసాఫ్ట్ కొత్త సిమ్యులేటర్ బింగ్ ఉపగ్రహ చిత్రాలతో భూగోళమంతా చూపించింది. మెయిన్ థ్రెడ్ బెడద మాత్రం పోలేదు. 2021 జులైలో ఎక్స్‌బాక్స్ కోసం చేసిన ఐదో సిమ్ అప్‌డేట్ పీసీల మీద కూడా భారం తగ్గించింది. ఆ మార్పుకి ముందు రాసిన సెట్టింగ్స్ చిట్కాలు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి, వాటిని నమ్మకండి.

కాబట్టి ముందు ఎక్కడ ఆగుతోందో కనిపెట్టాలి. 2020 గేమ్‌లో అయితే జనరల్ ఆప్షన్స్‌లో డెవలపర్స్‌కి వెళ్లి డెవలపర్ మోడ్ ఆన్ చేసి, పైన వచ్చే మెనూలో డిస్‌ప్లే ఎఫ్‌పీఎస్ నొక్కితే ‘లిమిటెడ్ బై మెయిన్‌థ్రెడ్’ అనో ‘లిమిటెడ్ బై జీపీయూ’ అనో అదే చెబుతుంది. ఇంకా తేలిక దారి: రెండర్ స్కేలింగ్‌ని (తెర సైజులో ఎంత శాతానికి బొమ్మ గీయాలో చెప్పేది) 100 నుంచి 70కి దించండి. ఫ్రేములు పెరిగితే ఇరుకు కార్డు దగ్గర, కదలకపోతే ప్రాసెసర్ దగ్గర. 100కి తిరిగి పెట్టి అసలు పని మొదలెట్టండి.

ఇరుకు ప్రాసెసర్ దగ్గరైతే టెరైన్ లెవెల్ ఆఫ్ డీటెయిల్‌ని 200 నుంచి 100కి తేవాలి. నేలని ఎంత దూరం దాకా వివరంగా గీయాలో చెప్పేది ఇదే. దూరం రెట్టింపైతే వివరంగా గీయాల్సిన నేల నాలుగు రెట్లవుతుంది, అందుకే ఈ ఒక్క స్లైడర్‌కి అంత బలం. తర్వాత ఆబ్జెక్ట్ లెవెల్ ఆఫ్ డీటెయిల్, విమానాల ట్రాఫిక్, గ్లాస్ కాక్‌పిట్ రిఫ్రెష్ రేట్ (కాక్‌పిట్ తెరలు ఎంత తరచుగా మారాలో చెప్పేది). కార్డు దగ్గరైతే మేఘాలు, నీడలు, రిఫ్లెక్షన్లు. డీఎల్‌ఎస్‌ఎస్ (బొమ్మని చిన్నగా గీసి ఏఐతో పెద్దది చేసే ఎన్విడియా పద్ధతి) కూడా కార్డు భారాన్నే తగ్గిస్తుంది. మెయిన్ థ్రెడ్‌కి ఏమీ చెయ్యదు, పైగా కాక్‌పిట్ తెరల మీద అంకెలు మసకబారుతాయి. 4 జీబీ కార్డున్న ల్యాప్‌టాప్‌లో టెక్స్చర్ రిజల్యూషన్ (వస్తువుల మీద అతికించే బొమ్మల స్పష్టత) ‘మీడియం’ దాటొద్దు. కార్డు మెమరీ నిండితే మిగిలింది మామూలు ర్యామ్‌లోకి పొర్లి, ఫ్రేములు ఒక్కసారిగా కుప్పకూలతాయి.

గోదావరి డెల్టా మీద ఎగిరేటప్పుడు లెక్క కొంచెం వేరు. మధురపూడిలో (రాజమండ్రి విమానాశ్రయం) లేచి, ధవళేశ్వరం దాటి, వశిష్ఠ పాయ వెంట అంతర్వేది దాకా పోతే ఎత్తైన కట్టడాలు తక్కువ, చెట్లు మాత్రం లెక్కలేనన్ని. అడ్డొచ్చే కొండ లేదు కాబట్టి వెయ్యి అడుగుల ఎత్తులోనే చుట్టూ చాలా దూరం కనిపిస్తుంది. ఇక్కడ భవనాలు తగ్గించడం వృథా. చెట్లను ‘మీడియం’కి తెస్తే తేడా తెలుస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా లైవ్ వెదర్ పెడితే నైరుతి మబ్బులు కార్డుని పిండేస్తాయి, ఆ నెలల్లో మేఘాలు ‘హై’ చాలు, ‘అల్ట్రా’ అక్కర్లేదు. ఇక్కడ సరిపోయిన సెట్టింగ్స్ ముంబైలో దిగేటప్పుడు చాలవు. పరీక్ష ఎప్పుడూ బరువైన చోటే చెయ్యాలి.

నేల మసకగా, అలికినట్టు కనిపిస్తే అది నెట్ సంగతి. 2020 గేమ్‌కి కనీసం 5 ఎంబీపీఎస్, సిఫారసు 20. రోజూ తిరిగే ప్రాంతమే అయితే రోలింగ్ క్యాష్‌ని (దింపుకున్న నేల బొమ్మల నిల్వ) ఎస్‌ఎస్‌డీ మీద పెట్టుకుంటే చూసిన నేలని మళ్లీ దింపుకోవాల్సిన పని తగ్గుతుంది. పెద్ద అప్‌డేట్ తర్వాత జర్కులొస్తే దాన్ని చెరిపి కొత్తగా కట్టండి.

ఇక వేడి. రోహిణి కార్తెలో ఏసీ లేని గదిలో ల్యాప్‌టాప్ ప్రాసెసర్ దాదాపు 95–100 డిగ్రీలకి చేరగానే తన వేగం తనే తగ్గించుకుంటుంది. మొదటి పది నిమిషాలు బాగా నడిచి తర్వాత ఫ్రేములు జారితే అనుమానించాల్సింది దీన్నే. ఫ్యాన్ల దుమ్ము దులపాలి, వెనక వైపు రెండంగుళాలు ఎత్తాలి. ఫ్రేమ్ రేట్‌ని 30 దగ్గర కట్టెయ్యాలి: 45కీ 25కీ మధ్య ఊగేదానికన్నా నిలకడైన 30 కంటికి నున్నగా ఉంటుంది, వేడీ తగ్గుతుంది. కరెంటు పోయి బ్యాటరీ మీదికి మారితే గ్రాఫిక్స్ కార్డుకి అందే పవర్ బాగా పడిపోతుంది, అప్పుడు సెట్టింగ్స్ జోలికి వెళ్లకుండా పాజ్ చేసి, కరెంటొచ్చాక కొనసాగించండి.