లైలా అంటే ప్రేయసి కాదు, రాత్రి

2010 మే నెలలో బాపట్ల దగ్గర తీరం దాటిన తుఫాను గుర్తుందా? దాని పేరు లైలా. ఊళ్లకు ఊళ్లు కరెంటు లేక చీకట్లో కూర్చున్నా "లైలా వచ్చింది సరే, మజ్నూ ఎక్కడ?" అనే జోకు మాత్రం ఆగలేదు. ఆ పేరు పెట్టింది మనం కాదు. మన సముద్రాల్లో పుట్టే తుఫాన్లకు 2004 నుంచి వరసగా పేర్లు పెడుతున్నారు, అందుకోసం ఎనిమిది దేశాలు తలా ఎనిమిది పేర్లు ఇచ్చాయి, అందులో లైలా పాకిస్తాన్ ఇచ్చింది. పేరు వినగానే మనకి మజ్నూ ఎందుకు గుర్తొచ్చాడంటే, మన దగ్గర లైలా అనేది పేరు కన్నా ఎక్కువ ఆటపట్టించే మాట. కాలేజీలో ఎవడైనా గడ్డం పెంచితే మజ్నూ, వాడు ఏ అమ్మాయి వైపు చూస్తే ఆమె లైలా. పాపం ఆ పేరుకి అంతకు ముందు చాలా పెద్ద చరిత్ర ఉంది.

అరబ్బీలో లైల్ అంటే రాత్రి. లైలా ఆ మాట నుంచే వచ్చింది. ఆ పేరును తలుచుకుంటే అరబ్బులకు బాగా చీకటిగా, ఎంతకీ తెల్లవారని పొడుగాటి రాత్రి గుర్తొస్తుంది. అరబ్బీకి చుట్టమైన హీబ్రూలోనూ రాత్రిని లైలా అనే అంటారు. ఆడపిల్లకి చీకటి పేరేమిటి అనుకోకండి, మన ఇళ్లల్లో రజని, యామిని, నిశ ఎంతమంది లేరు! పైగా పగలంతా నిప్పులు చెరిగే ఎడారిలో మనిషికి ప్రాణం లేచొచ్చేదే రాత్రి. ప్రయాణాలు అప్పుడే, కబుర్లు అప్పుడే, కవిత్వం కూడా అప్పుడే. 13వ శతాబ్దం చివర్లో ఇబ్న్ మన్జూర్ కూర్చిన పెద్ద అరబ్బీ నిఘంటువులో ఈ పేరుకి ఇంకో అర్థం కూడా ఉంది: మత్తు, అదీ తాగగానే మొదట తలకెక్కే మత్తు. నల్లటి ద్రాక్షసారాయికి లైలా తల్లి అని ముద్దుపేరు. కవులు ఈ పేరును ఎందుకు పట్టుకుని వేలాడారో దీన్నిబట్టే సగం అర్థమవుతుంది.

మజ్నూ కథకు ముందే ఈ పేరుతో గట్టి ఆడవాళ్లున్నారు. ఇస్లాంకు ముందు, 6వ శతాబ్దంలో, తగ్లిబ్ తెగ కవి అమ్ర్ బిన్ కుల్సూమ్ తల్లి పేరు లైలా. ఇప్పటి ఇరాక్ వైపున్న హీరా రాజ్యానికి రాజు అమ్ర్ బిన్ హింద్ ఒకరోజు కొలువులో "మా అమ్మకి సేవ చేయడానికి నామోషీ పడే తల్లి అరబ్బుల్లో ఎవరికైనా ఉందా?" అని అడిగాడట. ఉంది, ఫలానా కవి తల్లి అన్నారు. వెంటనే తల్లీకొడుకులిద్దరినీ విందుకు పిలిచాడు. మగవాళ్లు ఒక డేరాలో, ఆడవాళ్లు పక్క డేరాలో. రాజుగారి తల్లి ముందే అనుకున్నట్టు పనివాళ్లను బయటికి పంపేసి "లైలా, ఆ పళ్లెం ఇటు అందించు" అంది. "ఎవరికి కావాలో వాళ్లే లేచి తీసుకోవాలి" అంది లైలా. ఆవిడ మళ్లీ మళ్లీ అడిగింది. దాంతో లైలా "అయ్యో అవమానం, ఓ తగ్లిబ్ వాళ్లారా!" అని ఒక్క కేక పెట్టింది. ఆ కేక పక్క డేరాలో ఉన్న కొడుకు చెవిన పడింది, అక్కడ వేలాడుతున్న కత్తి రాజుగారిదే, దాన్నే దూసి రాజు తల నరికేశాడు. పళ్లెం గొడవలో ఒక రాజు తలే ఎగిరిపోయింది! ఈ లైలాను తలుచుకుని ఎవరూ గడ్డం పెంచలేదు.

ఇక మనకి తెలిసిన కథ. 7వ శతాబ్దం, అరేబియా నడిమధ్యన నజ్ద్ ప్రాంతం, బనూ ఆమిర్ తెగ. ఖైస్, లైలా చిన్నప్పుడు కలిసి గొర్రెలు మేపుకునేవాళ్లు, పెద్దయ్యాక ఖైస్ ఆమె మీద కవితలు చెప్పడం మొదలుపెట్టాడు, అవి ఊరంతా పాకాయి. సినిమాల్లో సరిగ్గా చెప్పనిది ఇక్కడే ఉంది. ఇద్దరిదీ ఒకే తెగ, డబ్బూ పెద్ద అడ్డు కాదు. పెళ్లి చెడింది కవిత్వం వల్ల. ఒక పిల్ల పేరు పెట్టి అందరిలో పాటలు కట్టినవాడికే ఆ పిల్లనిస్తే, పుకార్లు నిజమని తండ్రే ఒప్పుకున్నట్టు అవుతుందని అరబ్బుల లెక్క. అంటే అతను ఆమె పేరు ఎంత పలికితే ఆమె అంత దూరమైంది. ఆమెను వేరేవాడికి ఇచ్చారు, ఇతను ఎడారిలో జంతువుల మధ్య తిరిగాడు. అరబ్బీలో అతన్ని మజ్నూన్ లైలా అంటారు, లైలా పిచ్చోడు అని. మగవాణ్ని ఆడదాని పేరుతో గుర్తుపెట్టుకోవడం ఎంత అరుదో మీకే తెలుసు.

అసలు ఖైస్ అనేవాడు ఉన్నాడా అనే అనుమానం ఇప్పటిది కాదు. 10వ శతాబ్దంలో అబుల్ ఫరజ్ ఇస్ఫహానీ ఈ కథలన్నీ ఒకచోట చేర్చినప్పుడు ఆ అనుమానాలనూ పక్కనే రాసిపెట్టాడు. ఉన్నా లేకపోయినా ఊరు మాత్రం ఉంది. సౌదీలో రియాద్‌కి దక్షిణాన అఫ్లాజ్ ప్రాంతంలో లైలా అనే పట్నం ఉంది, వాళ్లిద్దరూ కలుసుకున్నారని చెప్పుకునే తౌబాద్ కొండ కూడా అటువైపే. ఊరి దగ్గర ఒకప్పుడు సరస్సులుండేవి, వ్యవసాయానికి భూగర్భ జలాలు తోడేసేసరికి ఎండిపోయాయి. మన రాజస్థాన్‌లోనూ అనూప్‌గఢ్ దగ్గర బింజౌర్‌లో లైలా మజ్నూల సమాధి అని ఒకటి చూపిస్తారు, పాకిస్తాన్ సరిహద్దు పక్కనే, జూన్‌లో తిరునాళ్లు కూడా జరుగుతాయి. వాళ్లు అరేబియా నుంచి అంతదూరం ఎలా వచ్చారని అక్కడ ఎవరూ అడగరు.

కథ దేశాలు దాటింది మాత్రం పారశీకం పుణ్యమా అని. 1188లో ఇప్పటి అజర్‌బైజాన్‌లోని గంజా పట్నం కవి నిజామీ దీన్ని పెద్ద కావ్యంగా రాశాడు, ఆయన వెనకే అమీర్ ఖుస్రో, ఇంకా ఎందరో. మన గోల్కొండ కొలువులో కూడా దక్కనీ ఉర్దూలో ఒక లైలా మజ్నూ పుట్టింది, రాసింది అహ్మద్ గుజరాతీ. సూఫీలు లైలా అంటే దేవుడే అన్నారు. నాకు వాటన్నిట్లో నచ్చింది సూఫీ కవి రూమీ చెప్పిన చిన్న ముచ్చట. ఖలీఫా లైలాను చూసి "వాడికి పిచ్చెక్కించింది నువ్వేనా? మిగతావాళ్ల కన్నా నీలో ఎక్కువేముంది?" అంటాడు. "ఊరుకోండి, మీరు మజ్నూ కాదుగా" అంటుంది ఆమె. ఇన్ని వందల పేజీల్లో లైలా తన తరఫున మాట్లాడింది ఇలాంటి చోట్లే.

సొంతంగా మాట్లాడిన లైలా ఒకామె నిజంగానే ఉంది. లైలా అఖ్యలియ్యా, 7వ శతాబ్దపు కవయిత్రి. ఆమె ప్రేమించిన తౌబా కూడా కవే, ఆమెకూ అదే కారణంతో పెళ్లి కుదరలేదు, అతను పోయాక అతని మీద ఆమె చెప్పిన విలాప గీతాలు ఇప్పటికీ మిగిలాయి. క్రూరుడని పేరున్న ఇరాక్ పాలకుడు హజ్జాజ్ ముందు నిలబడి కవిత్వం చెప్పిందంటారు. ఈవిడ గురించి మనకి ఎవరూ సినిమా తీయలేదు. హైదరాబాద్ పాతబస్తీలో మొహర్రం రోజుల్లో వినిపించే పేరు ఇంకో లైలాది: ఉమ్మె లైలా, కర్బలా యుద్ధంలో చనిపోయిన కుర్రాడు, ఇమామ్ హుస్సేన్ కొడుకు అలీ అక్బర్ తల్లి. అక్కడ ఈ పేరు వింటే కన్నీళ్లే.

అరబ్ దేశాల్లో ఇది మామూలు పేరయిపోయింది, అంటే పక్కింటి పిల్ల పేరులాంటిదన్నమాట. 1940ల్లో ఈజిప్టు గాయని లైలా మురాద్ సినిమాలకు వరసగా ఆమె పేరే పెట్టారు: పల్లెటూరి పిల్ల లైలా, పేదింటి పిల్ల లైలా, గొప్పింటి పిల్ల లైలా. ఎర్రటోపీ పాప, తోడేలు కథ తెలుసుగా, అరబ్ పిల్లలకు ఆ పాప పేరు లైలాయే. సామెత కూడా ఉంది: ఎవడి లైలాను వాడు పాడుకుంటాడు అని. ఎవడి గోల వాడిదే అని మనం అనే చోట వాళ్లు ఈ మాట వాడతారు.

మన దగ్గర ఈ పేరును ఇంటింటికీ తెచ్చింది 1949లో భానుమతి, అక్కినేని నటించిన లైలా మజ్ను. అమెరికాలో ఆ పని చేసింది ఒక పాట. నిజామీ కథ చదివిన బ్రిటిష్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్, అప్పుడు స్నేహితుడి భార్యను ప్రేమిస్తూ నలిగిపోతున్నాడు, 1970లో లైలా అని పాట కట్టాడు. అక్కడి ప్రభుత్వం ఏటా ఇచ్చే ఆడపిల్లల పేర్ల లెక్కలో ఈ పేరు ఆ పాట స్పెల్లింగ్‌తో (Layla) మొదటి వెయ్యిలోకి వచ్చింది 1972లో. 2010ల నాటికి మొదటి యాభైలో ఉంది. నా ఉద్దేశంలో పాట ఒక్కటే కాదు, రెండు ల-కారాలతో పలకడం తేలిక, ముస్లిం ఇంట్లోనూ ఇముడుతుంది, ఆ పక్కింట్లోనూ ఇముడుతుంది.

చిక్కల్లా స్పెల్లింగ్‌తోనే. పుస్తకాల అరబ్బీలో లైలా అయితే ఈజిప్టు వాళ్లు లేలా అంటారు, ఇరాన్‌లో లేలీ, ఇంగ్లీషులో రాసేసరికి నాలుగైదు రకాలు. అందులో ఒక స్పెల్లింగ్‌ను కొందరు లీలా అని చదువుతారు. అమ్మమ్మ పేరని లీల అని పెట్టుకున్న మన తెలుగు పిల్లని అక్కడి స్కూల్లో టీచర్ హాజరు పిలుస్తూ "లైలా" అనేదీ, అరబ్ పిల్లని "లీలా" అనేదీ ఆ స్పెల్లింగ్ వల్లే. ఇద్దరూ చెయ్యెత్తుతారు.