లేహ్‌లో తలనొప్పి వస్తే అది గ్యాస్ కాదండీ: ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ నుంచి లదాఖ్‌కి బ్యాచ్‌లు తీసుకెళ్లడం నా పని. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరి సూట్‌కేసులో ఆవకాయ ఎలా ఉంటుందో, ఎత్తైన చోట ఆక్సిజన్ సరిగా అందక వచ్చే ఈ ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ గురించి ఈ మాటలూ అలాగే ఉంటాయి.

"పైన ఆక్సిజన్ శాతం తక్కువ కదా?"
శాతం ఎక్కడైనా 21 దగ్గరే, తగ్గేది గాలి ఒత్తిడి. లేహ్ 3,500 మీటర్ల ఎత్తు. సముద్రమట్టం దగ్గర ఒక్కో శ్వాసకి అందే ఆక్సిజన్‌లో అక్కడ అందేది సుమారు మూడింట రెండు వంతులు. దానికి ఒళ్లు అలవాటు పడాలంటే రోజులు కావాలి, ఢిల్లీ విమానమేమో గంటన్నరలో దింపేస్తుంది.

"రోజూ పది కిలోమీటర్లు పరిగెడతాను, నాకేం కాదు."
నాకు టెన్షన్ మీతోనే. మోకాళ్ల నొప్పులతో మెల్లగా నడిచే పెద్దావిడ బాగానే ఉంటారు, దిగిన సాయంత్రమే లేహ్‌లోని శాంతి స్తూపం మెట్లు పరుగున ఎక్కిన కుర్రాడు రాత్రంతా వాంతులు చేసుకుంటాడు. తిరుమల నడిచి ఎక్కామంటారు ఇంకొందరు. తిరుమల 850 మీటర్లు, ఈ జబ్బు మామూలుగా మొదలయ్యేది 2,500 దాటాక. మన రెండు రాష్ట్రాల్లో దీనికి ప్రాక్టీస్ చేసుకునేంత కొండే లేదు.

"కర్పూరం వాసన చూస్తే చాలు."
ఆ ఘాటుకి ముక్కు తెరుచుకున్నట్టు ఉంటుందంతే, రక్తంలో ఆక్సిజన్ పెరగదు. చిన్న ఆక్సిజన్ డబ్బా కూడా కొద్ది నిమిషాల ఊరటే.

"డయామాక్స్ మాత్ర జబ్బుని కప్పిపెడుతుంది."
లేదు. శ్వాస పెంచి అలవాటు పడటాన్ని త్వరపెడుతుంది. మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, ఎక్కే ముందురోజు నుంచి. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, భయపడొద్దు. సల్ఫా మందులు పడనివాళ్లు, వేరే మందులు వాడేవాళ్లు ముందు డాక్టర్‌ని అడగాలి.

ఇక గ్యాస్ సంగతి. ఒకాయన తలనొప్పి మాకు చెప్పకుండా ఈనో తాగి పడుకున్నారు, చెబితే పాంగాంగ్ సరస్సు చూడటం ఎక్కడ తప్పిపోతుందోనని. పాంగాంగ్ 4,200 మీటర్ల పైనే. ఆ రాత్రి అక్కడ మంచం మీద కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, అంటే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందన్నమాట. దీనికి అసలు వైద్యం కిందికి దించడమే, కానీ అక్కణ్ణుంచి లేహ్‌కి మామూలు దారిలో ముందు 5,300 మీటర్లు దాటిన చాంగ్ లా కనుమ ఎక్కాలి! ఆక్సిజన్ పెట్టి తెల్లారేలోగా ఎలా దాటించామో మాకే తెలుసు. అందుకే తలనొప్పి ఉండగా ఇంకా ఎత్తుకి వెళ్లొద్దు. నడుస్తుంటే తూలినా, మాట తికమకపడినా, కదలకుండానే ఆయాసం వచ్చినా పొద్దున చూద్దామనుకోవద్దు.

దిగాక రెండు రోజులు లేహ్‌లో ఊరికే ఉండండి. ఆ రెండు రాత్రులు మద్యం, నిద్రమాత్రలు ముట్టుకోవద్దు. తర్వాత లేహ్ కంటే పల్లంలో ఉన్న నుబ్రా లోయలో పడుకుని, పాంగాంగ్ చివర్లో పెట్టుకోండి. ప్యాకేజీలో మొదటి రోజే ఖర్దుంగ్ లా (లేహ్ కంటే చాలా ఎత్తైన కనుమ) అని రాసుంటే, ఎంత చవకైనా వదిలేయండి.