గట్టి బోల్టు వేస్తే విరగదా? లోహాల విషయంలో అపోహలు - వాస్తవాలు

మెటలర్జీ చదివి పదిహేడేళ్లుగా యంత్రభాగాలు తయారుచేసే యూనిట్లలో పనిచేస్తున్నాను. డిజైన్ వాళ్ల దగ్గరా, పర్చేజ్ వాళ్ల దగ్గరా మళ్లీ మళ్లీ వినపడే మాటలు కొన్ని ఉన్నాయి. వాటి వల్ల పాడైన ముక్కలు చివరికి నా టేబుల్ మీదికే వస్తాయి, అందుకే రాస్తున్నాను.

అపోహ: ఎంత గట్టి బోల్టు వేస్తే అంత భద్రం.

8.8 బలం గ్రేడు బోల్టు సరిపోయే చోట "ఇంకా గట్టిది ఉందిగా" అని 12.9 వేసేస్తారు, తుప్పు పట్టకూడదని దానికి జింక్ ప్లేటింగ్ కూడా చేయిస్తారు. ప్రమాదం అక్కడే ఉంది. ప్లేటింగ్‌కి ముందు యాసిడ్‌లో ముంచినప్పుడూ, తర్వాత కరెంటు పెట్టినప్పుడూ హైడ్రోజన్ ఉక్కులోకి దూరుతుంది. మెత్తటి ఉక్కు దాన్ని తట్టుకుంటుంది, బాగా గట్టిపరిచిన ఉక్కు తట్టుకోలేదు.

ఒకచోట సాయంత్రం టార్క్ రెంచ్‌తో కొలిచి మరీ బిగించిన బోల్టుల్లో మూడింటి తలలు పొద్దున వచ్చేసరికి ఊడి నేల మీద పడున్నాయి, రాత్రంతా మిషన్ నడవనే లేదు. ఎక్కువ బిగించేశావని అందరూ ఫిట్టర్ మీద పడ్డారు. విరిగిన ముఖాన్ని భూతద్దం కింద పెట్టి చూస్తే ఎక్కడా సాగిన గుర్తు లేదు, మెడ సన్నబడలేదు, పంచదార పలుకుల్లా మెరుస్తోంది. పాపం, ఆ అబ్బాయి తప్పేం లేదు, ఉక్కుని పెళుసుగా మార్చేసిన హైడ్రోజన్ పని అది. ఆ హైడ్రోజన్ బయటికి పోవాలంటే ప్లేటింగ్ అయిన నాలుగు గంటల్లోపే ఓవెన్‌లో పెట్టి, 190 నుంచి 220 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచాలి. ఆ బేకింగ్ ఎవరూ చేయలేదు. నన్నడిగితే 12.9కి ఎలక్ట్రోప్లేటింగ్ జోలికే పోకుండా, కరెంటు పెట్టకుండా సన్నటి జింక్ పొలుసులతో వేసే జింక్ ఫ్లేక్ పూత వేయించడం మేలు.

అపోహ: బ్రాకెట్ ఊగుతోందా, మంచి గ్రేడ్ స్టీలుకి మారిస్తే సరి.

డబ్బు దండగ. మైల్డ్ స్టీలైనా, ఖరీదైన అల్లాయ్ స్టీలైనా ఎలాస్టిక్ మాడ్యులస్ (బరువు పడితే సాగకుండా, వంగకుండా నిలిచే గుణం) దాదాపు ఒకటే, 200 గిగాపాస్కల్స్ దగ్గర్లో ఉంటుంది. గ్రేడ్ పెంచితే ఎంత బరువుకి శాశ్వతంగా వంగిపోతుందన్నది మారుతుంది గానీ ఎంత ఊగుతుందన్నది మారదు. 3 మిల్లీమీటర్ల రేకు 4 అయితే వంగకుండా నిలిచే శక్తి రెట్టింపు దాటుతుంది, అంచు మడిస్తే ఇంకా చవగ్గా పనవుతుంది.

అపోహ: అయస్కాంతం అంటుకోకపోతే అది 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలే.

నికెల్ తగ్గించి మాంగనీస్ కలిపిన 202 గ్రేడుకి కూడా అయస్కాంతం అంటుకోదు, కానీ తుప్పు విషయంలో అది 304కి సాటి రాదు. అసలైన 304 రేకుని వంచి, నొక్కి గిన్నె చేస్తే మూలల దగ్గర కాస్త అంటుకుంటుంది. 430 గట్టిగా అంటుకుంటుంది, అదీ స్టెయిన్‌లెస్సే. అనుమానం వస్తే ఏ లోహం ఎంత ఉందో చెప్పే స్పెక్ట్రోమీటర్ టెస్టు చేయించండి, జేబులో అయస్కాంతాన్ని నమ్మకండి.

అలాగని 304 అయితే ఎక్కడైనా నిశ్చింతే అనుకోవద్దు. దాన్ని కాపాడేది పైనున్న క్రోమియం ఆక్సైడ్ పొర, దాని మందం కొన్ని నానోమీటర్లే. విశాఖ లాంటి చోట సముద్రపు గాలిలోని ఉప్పు ఆ పొరని పొడుస్తుంది, అక్కడ 2-3 శాతం మాలిబ్డినం ఉన్న 316 వాడాలి. ఇంకోటి, మైల్డ్ స్టీలు మీద వాడిన గ్రైండింగ్ డిస్కునే స్టెయిన్‌లెస్ మీద పెడితే ఇనుప రేణువులు అతుక్కుని నాలుగు రోజుల్లో ఎర్రమచ్చలు వస్తాయి. సరుకు నకిలీదని సప్లయర్‌తో గొడవపడే ముందు మీ గ్రైండర్ దగ్గరికి వెళ్లి చూడండి.

అపోహ: ప్లాస్టిక్‌కి నీళ్లతో పనేంటి?

నైలాన్‌కి చాలా పని ఉంది. నైలాన్ 6ని నీళ్లలో వదిలేస్తే తన బరువులో 9 శాతం దాకా పీల్చుకుంటుంది, గాలిలో తేమని కూడా వదలదు. అచ్చులోంచి వచ్చిన రోజు కొలతకి సరిపోయిన గేరు వానాకాలంలో ఉబ్బి, మెత్తబడి పట్టేస్తుంది. డ్రాయింగ్ మీద కొలతతో పాటు ఏ తేమలో కొలవాలో కూడా రాయండి, గేర్ల మధ్య సందు ఉబ్బిన సైజుని బట్టి ఇవ్వండి.